ఊ కొట్టిన చెయ్యి

ఎత్తు ఈదమ్మా, ఒక్కసారి ఎత్తు. ఎడమ చెయ్యయినా సరే, కుడి చెయ్యయినా సరే, చిటికెన వేలయినా సరే. అద్దం అవతల చిన్న గదిలో నా భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ గది గోడల నిండా మెత్తటి గుడ్డ, ఆమె చెవుల మీద నల్లటి డిప్పలు, ముఖం గోడ వైపు. అద్దం ఇవతల బల్ల మీద మిషను, మిషను ముందు శ్రీదివ్య అనే అమ్మాయి, ఆమె వెనక బెంచీ మీద నేను. ఆ అమ్మాయి మీట తిప్పితే ఈదమ్మ చెవిలో చప్పుడు వస్తుందట, చప్పుడు వినిపించగానే ఈదమ్మ చెయ్యెత్తాలట, అంతే పరీక్ష. పొద్దున మేడ్చల్‌లో రైలెక్కి అల్వాల్‌లో దిగి ఈ చెవుల దవాఖానకు వచ్చాం. డాక్టరు లైటు పెట్టి చూసి ఒకే మాట చెప్పాడు. కొంచెం మిగిలున్నా చెవికి మిషను పెట్టొచ్చు, పెడితే నీ గొంతు ఆమెకు మళ్లీ వినిపిస్తుంది, ఏమీ మిగలకపోతే మిషను కూడా ఏమీ చెయ్యలేదు అని. ఎడమ చెవి పరీక్ష అయిపోయింది. చెయ్యి లేవలేదు. ఇప్పుడు కుడి చెవి. శ్రీదివ్య మీట తిప్పుతుంది, అద్దంలోకి చూస్తుంది, కాగితం మీద గుర్తు పెడుతుంది, మళ్లీ తిప్పుతుంది. ఈదమ్మ చేతులు రెండూ ఒళ్లో, గడప బయట విడిచిన చెప్పుల జతలా కదలకుండా ఉన్నాయి.

నాకు నాలుగు రోజుల కిందటి దాకా తెలియదు. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషికి చెవులు పోయాయన్న సంగతి నాకు తెలియదు. ఎవరికైనా చెబితే ఇది కూడా లింగం కోసిన కోతే అంటారు. అనడానికి నేనే అలవాటు చేశాను. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఏడు సీట్ల ఆటో నడుపుతాను, ఏడుగురి చోట పదమూడు మందిని ఎక్కిస్తాను, పదమూడు మందికీ ఇరుకు తెలియకుండా దారి పొడుగునా అబద్ధాలు చెబుతాను. దుండిగల్‌లో విమానాలు నేర్చుకునే పిల్లలు మరీ కిందికి ఎగరేస్తుంటే మా తాత కోపమొచ్చి బర్రె పలుపు విసిరి ఒక విమానం తోకకు ముడేశాడనీ, బర్రె కూడా లేచిపోయి బొల్లారం మీద రెండు చుట్లు తిరిగిందనీ, దిగేసరికి పొదుగులో పాలు పెరుగయ్యాయనీ, పైన చలికి కొమ్ములు రెండూ లోపలికి ముడుచుకున్నాయనీ. శామీర్‌పేట చెరువులో ఒక ఎండ్రకాయ కరీంనగర్ బస్సు చక్రం పట్టుకుంటే కండక్టరు దానికి కూడా టికెట్ కొట్టాడనీ. జనం నవ్వుతారు, దిగిపోతారు. నవ్వు వేరు, ఊ వేరు. నాకు కావలసింది ఎప్పుడూ ఊ.

మా అవ్వ ఐలమ్మ నేర్పిన పద్ధతి అది. చీకటి పడి, బువ్వ తిని, వాకిట్లో మంచాలు వేసుకున్నాక దీపం తీసేసి కథ మొదలుపెట్టేది. దీపం ఉంటే కథలో వాళ్లు సిగ్గుపడి రారు అనేది. చీకట్లో ఎవరి ముఖం ఎవరికీ కనపడదు కాబట్టి వినేవాళ్లు ఊ కొడుతుండాలి. ఊ ఆగిందంటే చెప్పేవాళ్లు ఆపేయాలి. ఆపకపోతే కథలో రాజులూ రాక్షసులూ దిక్కు తెలియక నడుచుకుంటూ వచ్చి మన వాకిట్లో కూర్చుంటారని, వాళ్లందరికీ గటక వండి పెట్టలేక చావాలని భయపెట్టేది. నేను రెండో తరగతిలో పలక పగలగొట్టి బడి నుంచి ఉరికి వచ్చినవాణ్ణి, చదువంతా ఆ చీకట్లోనే అయింది. ఈదమ్మ నా ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే అవ్వ నాతో అంది. "ఒరేయ్ లింగం, గీ పిల్ల ఊ బంగారంరా. నీ నోటికి తగ్గ చెవులు దొరికినయి, పోగొట్టుకోకు." నిజంగానే ఈదమ్మ ఊ ఒకటి కాదు. కథ సాఫీగా పోతుంటే చిన్న ఊ. నేను మరీ కోస్తుంటే ఊఁ అని పైకి లేపి దింపేది, నమ్మలేదు గానీ చెప్పు అన్నట్టు. భయమొచ్చే చోట గొంతు లోపలే ఊ. ఆ ఊ పట్టుకుని నేను చీకట్లో నడిచేవాణ్ణి, తాడు పట్టుకుని బావిలోకి దిగినట్టు.

శ్రీదివ్య మళ్లీ మీట తిప్పింది. ఈసారి గట్టిది అనుకుంటాను, మిషను మీద ఎర్ర దీపం రెండు గడులు పైకి పోయింది. ఈదమ్మ మెడ మీద వెంట్రుకలు నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో. ఆమె వెనక నుంచి ఇంతసేపు చూడటం ఇదే మొదలేమో.

తొంభైలో జీడిమెట్లలో రేకు డబ్బాలు కొట్టే కంపెనీలో చేరింది. పొద్దున్నే వ్యాను వచ్చేది. ఒకసారి సద్ది మరచిపోతే ఇవ్వడానికి వెళ్లాను. లోపల వరసగా పది ప్రెస్సులు, ఒక్కొక్కటీ ఎత్తి కొడుతుంటే నా పళ్లు కదిలాయి. ఆడవాళ్లందరూ చెవుల్లో దూది పెట్టుకుని, ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. చప్పుడు లేకుండా నోళ్లు ఆడుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి, అంత మోతలో ఎవరో ఏదో అంటే పది మందీ ఒక్కసారే నవ్వారు. నాకు మస్తు ముచ్చటేసింది. బయటికి వచ్చి ఆటోలో ఎక్కినవాళ్లకు చెప్పాను, జీడిమెట్లలో గొంతు లేకుండా మాట్లాడి కళ్లతో వినే ఊరొకటి ఉందని. వాళ్లు నవ్వారు. నేను చెప్పిన లక్ష అబద్ధాల్లో అదొక్కటే నిజం, దాన్ని కూడా అబద్ధం చేసి అమ్మేశాను. పదేళ్లు ఆ మోత కింద కూర్చుంది ఈదమ్మ. మోత సగం వినికిడి తీసిందట, తర్వాత పట్టిన చీము మిగతాది తీసిందట. పొద్దున డాక్టరు అడిగాడు, చీము కారినప్పుడు ఎందుకు తీసుకురాలేదయ్యా అని. నేను ఈదమ్మ వైపు చూశాను. ఈదమ్మ డాక్టరు పెదాల వైపు చూస్తూ ఉంది.

వెల్లుల్లి. రెండు వేల సంవత్సరంలో కంపెనీ మూసేశాక మా ఇంట్లో దిండు మీద వెల్లుల్లి కాచిన నూనె వాసన. రోజూ. నేనేమన్నాను? "ఏందే, తలకాయకు పోపు వెట్టినవా? రేపు పప్పుల ముంచుకుంట." ఈదమ్మ నవ్వింది. నా పెదాలు చూసి నవ్వింది. చెవిలో పోసుకుంటున్నావా, నొప్పా అని అడగడానికి ఎన్ని మాటలు కావాలి? మూడు. నేను బర్రెను ఆకాశంలో తిప్పడానికి మూడు వేల మాటలు ఖర్చుపెట్టినవాణ్ణి.

చెప్పుకోవాలంటే అంతా ఒక మంచం దగ్గర మొదలైంది. రెండు వేల ఒకటి, ఎండాకాలం, కరెంటు పోయింది. వాకిట్లో రెండు మంచాలు. నేను ఎండ్రకాయ కథను కొత్తగా తిప్పుతున్నాను, అది టికెట్ తీసుకుని కరీంనగర్ దాకా పోయి కోర్టులో కేసు వేసినట్టు. ఊ రాలేదు. కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టాను. ఊ రాలేదు. "ఇంటున్నవా?" అన్నాను. ఊ లేదు. "పండుకున్నవా?" ఊ లేదు. అగ్గిపుల్ల గీసి చూశాను. ఈదమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. చుక్కల వైపు చూస్తూ ఉంది. నిద్రపోయి ఉంటే బాగుండేదని ఆ క్షణం అనుకున్నాను. మెలకువగా ఉండి, పక్కనే ఉండి, ఊ అనని మనిషి. అగ్గిపుల్ల వెలుగు చూసి నా వైపు తిరిగింది, నా ముఖంలో ఏం కనిపించిందో, గబుక్కున "ఊ" అంది. అప్పుడు నేనేమీ చెప్పడం లేదు. అగ్గిపుల్ల వేలు దాకా కాలింది. మర్నాడు రాత్రీ అంతే. ఆ మర్నాడు రెండు మూడు ఊలు వచ్చాయి గానీ రావలసిన చోట రాలేదు, బర్రె చచ్చిపోయే చోట నవ్వే ఊ వచ్చింది. దానికంటే రాకపోవడమే నయం.

ఎందుకో అప్పుడు నాకు కళ్లద్దాలు గుర్తొచ్చాయి. అది వేరే కథ, కానీ మనిషి లోపల అన్నీ ఒకే ఆటోలో కూర్చుంటాయి. కొత్త కాలనీలో బ్యాంకు ఉద్యోగం చేసే జానకిరామయ్య సారు ఒకనాడు నా ఆటోలో ఎక్కి పెళ్లి పత్రిక చేతికిచ్చి, ఈ ఫంక్షను హాలు ఎక్కడో చూడు లింగం అన్నాడు. కళ్లద్దాలు ఇంట్లో మరచిపోయిన సార్ అన్నాను. మంచి మనిషి, పాపం, మర్నాడు ఆయన పాత అద్దాలు తెచ్చి ఉంచుకో అని ఇచ్చాడు. ఇక తప్పుతుందా, వారం రోజులు అవి పెట్టుకుని నడిపాను. రోడ్డు ఈత కొట్టింది, ఒక బర్రెను గుద్దాను, అది కూడా నన్ను జాలిగా చూసింది. ఆటోలో వాళ్లకు ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో, ఎంత నవ్వించానో. కానీ చెప్పిన ప్రతిసారీ ఆటో అద్దంలో వాళ్ల ముఖాలు వెతికేవాణ్ణి. వీళ్లకు తెలుసు, నా ఎదురుగా నవ్వుతున్నారు గానీ వీడికి అక్షరం రాదని వీళ్లకు తెలుసు అని.

అదే సారు వాళ్లింట్లో ఈదమ్మ పనికి కుదిరింది. సారు భార్య పార్వతీదేవమ్మ, గుంటూరు వైపు మనిషి, ఊ అంటే కాఫీ ఇస్తుంది. ఒక మధ్యాహ్నం తాళంచెవి కోసం వెళ్లి గేటు దగ్గర ఆగిపోయాను. వరండాలో కుర్చీలో పార్వతీదేవమ్మ, చేతిలో వారపత్రిక, అందులో వచ్చే సీరియల్ పైకి చదువుతోంది. మెట్టు మీద ఈదమ్మ, ఒళ్లో చేటలో బియ్యం. చేతులు బియ్యంలోనే ఉన్నాయి గానీ ఏరడం లేదు. తలెత్తి ఆమె ముఖంలోకి చూస్తోంది, రెప్ప కూడా వెయ్యకుండా, దాహమేసిన మనిషి చెంబు వైపు చూసినట్టు. చూస్తూ "ఊ" అంది. కాసేపటికి మళ్లీ "ఊఁ" అంది, పైకి లేపి దింపి. నా ఊ. అదే నా ఊ. నాకు పెళ్లయిన మొదటి నెల నుంచి నాది అనుకున్న ఊ, ఎండలో, మెట్టు మీద, అచ్చేసిన కథకు కొడుతోంది.

తాళంచెవి తీసుకోకుండా వచ్చేశాను. ఎండలో కొడుతోంది, చీకట్లో కొట్టడం లేదు. ఇంత సులువు లెక్క నా ముందు పెట్టి ఉంది. పెదాలు కనపడితే వింటుంది, కనపడకపోతే వినదు. జీడిమెట్ల ప్రెస్సుల మధ్య నేనే కళ్లారా చూశాను, నేనే ఆటోలో అమ్ముకున్నాను. కానీ నాకు తట్టింది అది కాదు. నాకు తట్టింది ఏమిటంటే, ఇది చదువుకున్నోళ్ల కథ రుచి మరిగింది, ఇక దీనికి మొద్దు లింగం కోతలు చేదయ్యాయి అని. ఆ సాయంత్రం ఈదమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తుంటే వెనక నుంచి అన్నాను. "పుస్తకాల కతలు తియ్యగున్నయా?" వీపు కదల్లేదు. "నావి ఉత్త కోతలు గద. నీకిప్పుడు గట్లనే ఉంటది." వీపు కదల్లేదు. "సరే తియ్. ఇగ నోరు మూసుకుంట." రొట్టె తిరగేసింది. ఆ వీపునే నేను జవాబు అనుకున్నాను. అయిదేళ్లు ఆ జవాబు మీదే బతికాను. చీకటి పడితే మంచం గోడ వైపు లాక్కుని పడుకోవడం, కథలన్నీ ఆటోలో ఖాళీ చేసి ఇంటికి ఉత్త నోటితో రావడం. ఈదమ్మ ఒక్కసారి కూడా అడగలేదు, ఎందుకు చెప్తలేవు అని. అడగలేదు కాబట్టి నా అనుమానమే నిజం అనుకున్నాను. నాకు ఇప్పుడు తెలుసు, ఆమె లెక్క ఆమె వేసుకుంది. అడిగితే మళ్ల చీకట్లనే చెప్తడు, ఊ తప్పుతది, చెవులు పోయిన సంగతి బయటపడుతది, అడగకపోవుడే మేలు అని.

శ్రీదివ్య నా వైపు తిరిగింది. "అంకుల్, ఆవిడకి పరీక్ష అర్థమైందా? చెయ్యి ఎత్తాలని తెలుసు కదా?"

"తెలుసు బిడ్డా."

"ఇంకా పెంచుతాను. ఇది చాలా గట్టిగా ఉంటుంది."

పెంచు బిడ్డా. ప్రెస్సు మోతంత పెంచు. లారీ హారనంత పెంచు.

లారీ. నాలుగు రోజుల కింద కాలనీలో కొత్త ఇంటికి ఇసుక తెచ్చిన లారీ వెనక్కి వస్తోంది. వీధి పక్కన కూర్చుని ఈదమ్మ చింతపండు గింజలు తీస్తోంది, వీపు లారీ వైపు. నేను అప్పుడే ఆటో మలుపు తిప్పాను. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు, ఒక నిమిషం, కాలనీ కుక్కలన్నీ లేచి పోయాయి. ఈదమ్మ ఒక గింజ తీసి పక్కన వేసింది. ఇంకొకటి తీసింది. చూడు దాని పొగరు అనుకున్నాను నేను. దేవుడా, మొదట నాకు వచ్చిన మాట అది. పొగరు. పార్వతీదేవమ్మ గేటు తోసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి ఈదమ్మ రెక్క పట్టి లాగింది. లారీ చక్రం చింతపండు మీద ఆగింది. ఈదమ్మ ముందు లారీని చూసింది, తర్వాత నన్ను చూసింది. లారీని చూసినప్పటికంటే నన్ను చూసినప్పుడే ఎక్కువ భయపడింది. లేచి లోపలికి వెళ్లిపోయింది.

పార్వతీదేవమ్మ మెట్టు మీద కూలబడి రొప్పుతూ అంది. "ఇక నా వల్ల కాదు లింగం. చెప్పనని దానికి మాటిచ్చాను గానీ, ఇవాళ ఇది చూశాక దాచిపెడితే పాపం. దానికి వినపడదయ్యా. ఎన్నాళ్ల నుంచో వినపడదు. నా మొహం చూసి వింటుంది. అందుకేగా నేను వెలుతురులో కూర్చుని, ఒక్కో మాటా నమిలి నమిలి చదివేది."

నేను నిలబడే ఉన్నాను. "నాకెందుకు చెప్పొద్దన్నది అమ్మా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు బాధపడతావు."

"చెప్పుండ్రి."

"తెలిస్తే నన్ను కత జేస్తడమ్మా, ఆటోల అందరూ నవ్వుతరు, అంది."

చెవిటి పటేలు. నాకు వెంటనే చెవిటి పటేలు గుర్తొచ్చాడు. నా కథల్లో అందరికంటే ఎక్కువ అడిగించుకున్న కథ. చెవిటి పటేలు పెళ్లి ఊరేగింపులో ఎగురుతూ ఉంటాడు, బ్యాండు ఆగిపోతుంది, జనం ఇళ్లకు పోతారు, పెళ్లికొడుకు కూడా పోతాడు, పటేలు మాత్రం బ్యాండు ఇంకా మోగుతోందనుకుని మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒక్కడే ఎగురుతూ పోతాడు, తెల్లారి చెరువు గట్టు మీద నిలబడి చుట్టూ చూస్తాడు. నేను చేతులు పైకెత్తి ఆ ఎగురుడు ఎగిరి చూపిస్తే ఆటో స్టాండంతా పొట్ట పట్టుకునేది. ఇంట్లో ఎగిరి చూపిస్తే ఈదమ్మ కూడా నవ్వింది. ఒకనాడు నవ్వుతూ నవ్వుతూ చెవిలో దూది లోపలికి నొక్కుకుంది. నేను చూశాను. చూసి ఎగురుతూనే ఉన్నాను.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని అన్నింటికంటే వెనక కూర్చోబెట్టాను, దిగమన్నా దిగడం లేదు. గడ్డం రాని రాజు కథ. శామీర్‌పేట చెరువు అవతల ఒక రాజు, ముప్పై ఏళ్లు వచ్చినా గడ్డం మీద ఒక్క వెంట్రుక మొలవలేదు. ఆముదం రాశాడు, గాడిద పాలు రాశాడు, మేకపోతును పక్కలో పడుకోబెట్టుకున్నాడు, రాలేదు. ఇక ఎవరు గడ్డం మీద చెయ్యేసినా తననే వెక్కిరిస్తున్నారని అనుమానం. మంత్రి ఆలోచిస్తూ గడ్డం గోక్కున్నాడు, రాజ్యం దాటించాడు. మంగళ్లను దాటించాడు. మేకలకు గడ్డం ఎందుకని మేకలను దాటించాడు. చివరికి ఒకనాడు రాణి చెంప మీద చెయ్యేసుకుని కూర్చుంది, మర్నాడు కూడా కూర్చుంది. నువ్వు కూడానా అని ఏనుగెక్కించి పుట్టింటికి పంపేశాడు. దారిలో మావటివాడు చూస్తే రాణి దవడ వాచి ఉంది, పన్ను నొప్పి. ఇక రాజ్యంలో రాజు ఒక్కడే మిగిలాడు. అప్పుడు గడ్డం వచ్చింది. మోకాళ్ల దాకా వచ్చింది, నల్లగా, నిగనిగలాడుతూ. చూసేవాళ్లు లేరు. అదీ కథ. అందరూ మేకల దగ్గర నవ్వుతారు, గడ్డం వచ్చిన దగ్గర ఇంకా నవ్వుతారు.

ఆ కథ చివరిసారి ఈదమ్మకు చెప్పినప్పుడు కరెంటు ఉంది, బల్బు వెలుగుతోంది. అయిపోయాక ఆమె నవ్వలేదు. ఒక చెవి మీద అరచెయ్యి ఆనించుకుని అడిగింది. "రాణి సెప్పొచ్చు గద, పన్ను నొస్తాందని."

నేను గొప్పగా అన్నాను. "ఎవడడిగిండు?"

ఎంత బాగా చెప్పాను అనుకున్నాను. ఆ జవాబును కథలో కలిపేశాను కూడా, ఆటోలో చెప్పినప్పుడల్లా చప్పట్లు. నా చేతుల్లో పుట్టిన మూర్ఖులు ఎంతమంది, లెక్కలేదు. భార్య వేరేవాళ్ల వైపు చూసిందని సొంత ఇల్లు తగలబెట్టుకున్నవాడు, తమ్ముడు తనకంటే పొడుగని నేల తవ్వి వాణ్ణి నిలబెట్టినవాడు, గడ్డం రాని రాజు. అందరిలో ఉన్నది ఒకటే రోగం. లోపల నేను తక్కువ అన్న భయం, ఆ భయంతో పక్కవాళ్ల ముఖాన్ని తప్పుగా చదవడం. అక్షరాలు రాకపోతే రాకపోయాయి, ముఖం చదవడానికి బడికి పోనక్కర్లేదు కదా. వాళ్లందరినీ వీళ్లెంత వెర్రివాళ్లు అని పైనుంచి చూస్తూ తిప్పాను. మా అవ్వ చెప్పింది నిజమే. ఊ లేకుండా అయిదేళ్లు ఆటోలో చెప్పాను కాబట్టి రాజు దారి తప్పి నడుచుకుంటూ వచ్చి నా ఇంట్లో, గోడ వైపు లాగిన నా మంచం మీద పడుకున్నాడు.

శ్రీదివ్య మీట చివరిదాకా తిప్పింది. ఇక తిరగదు. ఎర్ర దీపాలన్నీ వెలిగాయి. ఆ డిప్పల్లో ఎంత మోత మోగుతోందో, నాకు అద్దం ఇవతల చిన్న రొద కూడా వినపడదు, అద్దం అలాంటిదట, అటు చప్పుడు ఇటు రాదు, ఇటుది అటు పోదు. ఎత్తు ఈదమ్మా. నిన్ను కథ చెయ్యను. ఒట్టు. ఎత్తు. ఈదమ్మ గోడ వైపు చూస్తూ ఉంది. ఒళ్లో చేతులు అలాగే ఉన్నాయి.

శ్రీదివ్య కాగితం మీద చివరి గుర్తు పెట్టి, మిషను ఆపేసింది. ఎర్ర దీపాలు పోయాయి. నా వైపు చూడకుండా అంది. "డాక్టరు గారిని పిలుచుకొస్తాను అంకుల్. ఆయన చెబుతారు. ఆవిణ్ణి అలాగే కూర్చోనివ్వండి."

తలుపు వేసుకుని వెళ్లిపోయింది. చెప్పడానికి ఏముంది, కాగితం చదవడం రాకపోయినా ఆ అమ్మాయి వీపు చదవగలిగాను. నేను లేచి అద్దం ముందుకు వెళ్లాను. నీడ పడిందేమో, ఈదమ్మ తిరిగి చూసింది. పరీక్ష అయిపోయిందో లేదో ఆమెకు తెలియదు. డిప్పలు చెవుల మీదే ఉన్నాయి. బాగా రాయలేదా అని అడిగే బడి పిల్లలా నా వైపు చూసింది. లారీ రోజు చూసిన భయమే ఇంకా ఉంది కళ్లల్లో. నాకు కథ తప్ప ఏమీ రాదు. ముఖం లైటు కిందికి జరుపుకుని, పార్వతీదేవమ్మ చెప్పినట్టు ఒక్కో మాటా నమిలి అన్నాను.

"శామీర్‌పేట సెర్వు అవతల ఒక రాజుండె."

ఈదమ్మ కళ్లు నా పెదాల మీదికి దిగాయి. ఒళ్లోంచి కుడి చెయ్యి లేచింది. భుజం దాకా లేచి, ఆగి, దిగింది.

"ముప్పై ఏండ్లొచ్చినా గడ్డం రాలె."

చెయ్యి లేచింది. దిగింది. రావలసిన చోటే. ఎక్కడా తప్పలేదు. ఆముదం దగ్గర చిన్నగా లేచింది, గాడిద పాల దగ్గర పైకి లేచి వేళ్లు తిప్పి దిగింది, నమ్మలేదు గానీ చెప్పు అన్నట్టు. అయిదేళ్ల నా ఊలన్నీ ఆ చేతిలో ఉన్నాయి. మంత్రి పోయాడు. మంగళ్లు పోయారు. మేకలు పోతుంటే ఈదమ్మ పెదాలు కొద్దిగా వంగాయి. వెనక తలుపు తెరుచుకుంది. శ్రీదివ్య గొంతు.

"అదేంటి, ఆవిడ చెయ్యెత్తుతున్నారు? ఏం వినిపించి? నేను మిషను ఆపేసి వెళ్లాను కదా."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే పెదాలు కనపడవు.

"ఒకనాడు రాణి సెంప మీద సెయ్యేసుకొని కూసున్నది."

చెయ్యి లేచింది.

"తెల్లారి గూడ గట్లనే కూసున్నది."

చెయ్యి లేచింది, మెల్లగా. ఇక్కడ ఏనుగు రావాలని ఆమెకు తెలుసు. ఎన్నిసార్లు విన్న కథ. నేను ఏనుగును తీసుకురాలేదు. గొంతుతో పని లేదు, పెదాలుంటే చాలు.

"రాజు దగ్గరికొచ్చి కూసున్నడు. కూసొని అడిగిండు. నీకేమైతాంది, ఎన్నొద్దుల సంది నొస్తాంది అని."

చెయ్యి సగం లేచి గాలిలో ఆగింది. పైకి పోలేదు, ఒళ్లోకి దిగలేదు. ఈదమ్మ నా పెదాల మీంచి కళ్లెత్తి నా కళ్లలోకి చూసింది, ఇది కథేనా అన్నట్టు. నేను ఇంకేమీ కలపలేదు. ఆగిన చెయ్యి మెల్లగా వచ్చి చెంప మీద ఆనింది. తర్వాత కొంచెం పైకి జరిగి, నల్లటి డిప్ప మీద ఆగింది.

ఈదమ్మ నోరు తెరిచింది. ఏదో చెబుతోంది. చాలా ఉన్నట్టుంది, ఆగకుండా చెబుతోంది, మధ్యలో కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ చెబుతోంది. అద్దంలోంచి ఒక్క ముక్క రావడం లేదు. నేను రెండు చేతులూ అద్దానికి ఆనించి, రెప్ప వెయ్యకుండా ఆమె పెదాల వైపు చూస్తూ, ఊ అన్నాను.